థీసిస్ చాప్టర్‌ని సైకాలజీ జర్నల్‌కి పంపాలంటే: ఒక పీహెచ్‌డీ స్కాలర్ ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేశారు. ఆరు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో చదివే 412 మంది ఇంటర్ విద్యార్థుల్లో నిద్ర, పరీక్షల ఆందోళన, డిప్రెషన్ లక్షణాల మీద చేసిన పని అది. అందులోని ఒక చాప్టర్‌ని మంచి జర్నల్‌కి పంపమని మీ గైడ్ గారు చెప్పారు. ఈలోగా ‘వారం రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత ఫీజు కట్టండి’ అని మీకో మెయిల్ వచ్చింది. ఇంగ్లిష్ మీద మీకు నమ్మకం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పంపాలి అని అడిగారు.

ముందు ఆ మెయిల్ సంగతి. దానికి జవాబు కూడా ఇవ్వకండి. ఏ ఎడిటరైనా పేపర్ చదవాలి, అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులను రివ్యూయర్లుగా ఒప్పించాలి, వాళ్లు చదివి రాయాలి. ఇదంతా వారంలో అయ్యే పని కాదు. ‘స్కోపస్ ఇండెక్స్‌డ్’ (స్కోపస్ అనే పరిశోధన పత్రికల డేటాబేసులో ఉంది) అని వాళ్ల సైట్‌లో ముద్ర వేసుకున్నంత మాత్రాన నమ్మొద్దు. స్కోపస్ సైట్‌లోనే సోర్సెస్ పేజీ అందరికీ ఉచితంగా కనిపిస్తుంది. అక్కడ జర్నల్ పేరుతో కాకుండా ప్రతి జర్నల్‌కీ ఉండే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో వెతకండి, కవరేజి ఏ సంవత్సరం దాకా ఉందో చూడండి. ఒకప్పుడు ఉండి తర్వాత తీసేసిన జర్నళ్లు పాత ముద్రతోనే తిరుగుతుంటాయి. అసలు జర్నల్ పేరు, నంబరు పెట్టుకుని నకిలీ సైట్ నడిపేవాళ్లూ ఉన్నారు కాబట్టి జర్నల్ సైట్‌కి మెయిల్‌లోని లింకు ద్వారా కాకుండా ప్రచురణ సంస్థ సైట్ నుంచే వెళ్లండి. ‘యూజీసీ కేర్ లిస్టులో ఉంది’ అనే మాటకి కూడా ఇప్పుడు విలువ లేదు. నమ్మదగ్గ జర్నళ్లంటూ ఇచ్చిన ఆ లిస్టును యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. పీహెచ్‌డీకి ముందు పేపర్ ప్రచురించి తీరాలనే జాతీయ నిబంధనను కూడా 2022 నవంబరు రెగ్యులేషన్స్‌లో తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమైనా పెట్టుకుందేమో ఆఫీసులో కనుక్కోండి. లేకపోతే ఇంత కంగారు అవసరమే లేదు.

చాలామంది స్కాలర్లకు తెలియని విషయం ఒకటుంది. మంచి జర్నల్లో ప్రచురించడానికి డబ్బు కట్టి తీరాలని లేదు. చందాతో నడిచే జర్నళ్లలో, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టడం) కోరుకోకపోతే, రచయిత దగ్గర సాధారణంగా ఏమీ తీసుకోరు. చివర్లో ఒక ఫారంలో ఏ దారి కావాలో అడుగుతారు, అక్కడ చూసి ఎంచుకోవాలి, అంతే.

జర్నల్‌ని ఎంచుకోవడానికి నేను చెప్పే పద్ధతి: మీ రిఫరెన్సుల జాబితా తీసి, మీరు నిజంగా ఆధారపడ్డ పేపర్లు ఏ జర్నళ్లలో వచ్చాయో చూడండి. అందులోంచి మూడు ఎంచుకుని, ఒక్కోదానిలో గత రెండేళ్ల సంచికల విషయసూచిక చదవండి. మీ పేపర్ వాటి పక్కన ఒదుగుతుందా అన్నదే ప్రశ్న. నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ తరఫున స్ప్రింగర్ వేసే ‘సైకలాజికల్ స్టడీస్’, సేజ్ వేసే ‘సైకాలజీ అండ్ డెవలపింగ్ సొసైటీస్’ మన సమాజాల మీద పనిని ఆదరిస్తాయి. మీది డిప్రెషన్ లక్షణాల వైపు మొగ్గితే ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ దక్షిణ విభాగం వారి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకలాజికల్ మెడిసిన్’ కూడా చూడొచ్చు. కౌమార వయసు మీద అంతర్జాతీయ జర్నళ్లూ ఉన్నాయి. పాత సంచికలు చదివే వీలు లేదనుకోకండి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు సుమారు 13,000 దాకా అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి. ఒకసారికి ఒక జర్నల్‌కే పంపాలి. రెండింటికి ఒకేసారి పంపడం నైతిక ఉల్లంఘన కింద లెక్క. బయటపడితే రెండుచోట్లా తలుపులు మూసుకుంటాయి.

ఇక అసలు పని. చాప్టర్‌ని కుదించి పేపర్ చేయాలని చూడకండి. అది తేలిక అనిపిస్తుంది కానీ కుదరదు. థీసిస్ పరీక్షకుల కోసం రాసింది, మీకు ఎంత తెలుసో చూపించడం దాని పని. పేపర్ పని వేరు. దానిలో ఒక్క ప్రశ్న ఉంటుంది, దానికి ఒక్క జవాబు ఉంటుంది, ఆ జవాబుని ఎందుకు నమ్మాలో ఉంటుంది. మీ చాప్టర్‌లో పన్నెండు హైపోథిసిస్‌లు (పరీక్షించాల్సిన ఊహలు) ఉన్నాయని రాశారు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ తేడా, పల్లెకీ పట్నానికీ తేడా, ఎంపీసీకీ బైపీసీకీ తేడా... ఇవన్నీ రెండు గుంపుల సగటులను పోల్చే టి-టెస్టులుగా వరసపెడితే ఎడిటర్ రెండో పేజీ తిప్పరు. మీ డేటాలో విలువైన ప్రశ్న నాకు కనిపిస్తోంది: హాస్టల్ టైంటేబుల్‌లో నిద్ర తగ్గిన పిల్లల్లో, పరీక్షల ఆందోళనను లెక్కలోకి తీసుకున్నాక కూడా, డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా ఉన్నాయా? ఇంత చాలు. ఈ వాక్యాన్ని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని, దానికి పనికిరాని ప్రతి టేబుల్‌నీ పక్కన పెట్టండి. అలాగని పన్నెండు హైపోథిసిస్‌లనీ ఆరు పేపర్లుగా కోయడం కూడా తప్పే, దాన్ని ముక్కలు ముక్కలుగా ప్రచురించడం అంటారు, ఎడిటర్లు ఇట్టే పట్టేస్తారు.

రాయడం మెథడ్‌తో మొదలుపెట్టండి. రివ్యూ చేసేటప్పుడు నేను అబ్‌స్ట్రాక్ట్ తర్వాత నేరుగా అక్కడికే వెళ్తాను. నాకు తెలిసిన రివ్యూయర్లు చాలామందిదీ అదే అలవాటు. మన దగ్గర నుంచి వచ్చే పేపర్లు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. మీ విషయంలో మూడు చోట్ల ఆగి చెప్పాలి.

మొదటిది అనుమతులు. ఇంటర్ పిల్లల్లో చాలామంది 18 నిండనివాళ్లు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల సమ్మతి కూడా కావాలి, ఈ వయసు వాళ్లకైతే ఆ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. ‘ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేసే పేపర్లు ఎన్నో వస్తాయి. ప్రిన్సిపాల్ ఇచ్చేది లోపలికి రానిచ్చే అనుమతి మాత్రమే, తల్లిదండ్రుల సంతకానికి అది బదులు కాదు. ఇన్‌స్టిట్యూషనల్ ఎథిక్స్ కమిటీ పేరు, అనుమతి నంబరు, తేదీ రాయండి. ఆ తేదీ డేటా సేకరణకు ముందుదై ఉండాలి. కమిటీలు జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఇవ్వవు. ఎవరైనా ఇప్పిస్తామన్నా తీసుకోవద్దు. తల్లిదండ్రుల అనుమతి విషయంలో మీ కమిటీ ఏదైనా సడలింపు ఇచ్చి ఉంటే ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి.

రెండోది స్కేళ్లు, అంటే కొలిచే ప్రశ్నపత్రాలు. డిప్రెషన్ లక్షణాలకు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల స్కేలు వాడారు. మంచి ఎంపిక. దానికి అనుమతి అక్కర్లేదు, ఉచితం. పరీక్షల ఆందోళన స్కేలు ఎక్కడిది, దాని హక్కులు ఎవరివి, అనుమతి ఉందా అన్నది రాయలేదు. అది ముందు తేల్చుకోండి. అమ్మకానికి ఉన్న స్కేలుని ఫొటోస్టాట్ తీసి వాడితే ప్రచురణ దశలో ఆగిపోతుంది. తెలుగు అనువాదం ఎవరు చేశారు, తిరిగి ఇంగ్లిష్‌లోకి ఎవరు చేశారు, ఆ రెండోవాళ్లు మూలాన్ని చూశారా లేదా, తేడాలు వచ్చినచోట ఎలా తేల్చారు, కొందరు పిల్లలతో చదివించి చూశారా అన్నవి నాలుగైదు వాక్యాల్లో రాయండి. మూల స్కేలు రచయితలు ఇచ్చిన ఆల్ఫా విలువ (స్కేలులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) కాపీ చేస్తే సరిపోదు, మీ 412 మందిలో ఎంత వచ్చిందో అదే ముఖ్యం. వీలైతే అలాంటిదే ఇంకో కొలత ఒమేగా కూడా ఇవ్వండి.

ఇక్కడే ఒక చిక్కుంది, మీరు గమనించారో లేదో. పీహెచ్‌క్యూ-9లో మూడో ప్రశ్న నిద్ర గురించే. అంటే నిద్రకీ డిప్రెషన్ స్కోరుకీ సంబంధం చూపిస్తున్నప్పుడు కొంత సంబంధం ఆ ప్రశ్న వల్లే వస్తుంది. శ్రద్ధగల రివ్యూయర్ దీన్ని వదలరు. వాళ్లు అడిగేలోపే మీరే ఆ ప్రశ్నను తీసేసి, మిగిలిన ఎనిమిదితో విశ్లేషణ మళ్లీ చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన ఇవ్వండి. సంబంధం కాస్త తగ్గినా నిలబడితే మీ పేపర్ బలం రెట్టింపవుతుంది. ఇంకో మాట, పీహెచ్‌క్యూ-9 స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది, సాధారణంగా 10ని, అంతకు మించిన స్కోరుని హద్దుగా తీసుకుంటారు. కానీ అది స్క్రీనింగ్ మాత్రమే. ‘ఇంత శాతం మందికి డిప్రెషన్ ఉంది’ అని రాయకూడదు, ‘ఇంత శాతం మంది స్కోరు 10 లేదా అంతకు మించి ఉంది’ అనే రాయాలి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. 16, 17 ఏళ్ల పిల్లలు, అమ్మానాన్నలకు దూరంగా, పరీక్షల ఒత్తిడిలో ఆ గడిలో టిక్ పెట్టారు. అప్పుడు మీరేం చేశారు? కాగితాలు ఆ రోజే చూశారా, నెల తర్వాత ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు చూశారా? కౌన్సెలర్‌కి ఎవరు చెప్పారు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పిల్లల చేతికి ఇచ్చారా? ఇది పేపర్‌లో ఉండి తీరాలి. రివ్యూయర్లు అడుగుతారు కాబట్టి మాత్రమే కాదు, ఆ పిల్లలు మనల్ని నమ్మి నిజం రాశారు కాబట్టి. మీ దగ్గర పేర్లు, రోల్ నంబర్లు ఇంకా ఉండి, ఆ విషయం ఎవరికీ చేరలేదంటే పేపర్ పని పక్కన పెట్టి ముందు మీ గైడ్‌తోనూ ఎథిక్స్ కమిటీతోనూ మాట్లాడండి.

ఫలితాల దగ్గరికి వద్దాం. మీరు పంపిన భాగంలో ‘నిద్రకీ డిప్రెషన్‌కీ మధ్య 0.01 స్థాయిలో సార్థకమైన సంబంధం ఉంది, కాబట్టి హైపోథిసిస్ అంగీకరించబడినది’ అనే వాక్యం ఉంది. ఇది థీసిస్ వాక్యం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) మాన్యువల్ ఏడో ఎడిషన్ పద్ధతిలో ఇలా ఉంటుంది: ‘నిద్ర గంటలు తక్కువగా ఉన్న విద్యార్థుల్లో పీహెచ్‌క్యూ-9 స్కోరు ఎక్కువగా ఉంది, ఆర్(410) = −.31, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ [−.39, −.22], పి < .001.’ ఈ అంకెలు నమూనాకి మాత్రమే, మీవి మీరు పెట్టుకోండి. తేడా చూడండి. ‘ఆర్’ సంబంధం ఏ దిక్కున, ఎంత అని చెప్తుంది, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అసలు విలువ ఉండగల హద్దులు. ఏ దిక్కున, ఎంత, ఎంత కచ్చితంగా అన్న మూడూ వచ్చాయి. పి విలువ (నిజంగా సంబంధం లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) .001 కంటే తక్కువైతే తప్ప ఉన్న విలువే ఇవ్వాలి. ఒకటిని దాటలేని అంకెలకు దశాంశ బిందువు ముందు సున్నా పెట్టరు. ‘సార్థకం’ (పి విలువ హద్దు కంటే తక్కువ) అన్న మాట కంటే ఎఫెక్ట్ సైజు, అంటే సంబంధం ఎంత పెద్దదన్నది, ముఖ్యం.

దాంతో సరిపోదు. ఆ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, పిల్లలందరూ ఒకరితో ఒకరు సంబంధం లేనివాళ్లన్నట్టు కట్టిన లెక్క. మీ 412 మంది ఆరు కాలేజీల నుంచి వచ్చారు. ఒకే హాస్టల్‌లో పడుకుని ఒకే బెల్లుకి లేచేవాళ్లు ఒకరికొకరు పోలి ఉంటారు. కాలేజీలు ఆరే కాబట్టి పిల్లల్నీ కాలేజీల్నీ వేర్వేరు స్థాయిలుగా లెక్కించే మల్టీలెవెల్ మోడల్ అంత నమ్మకంగా నిలవదు. రిగ్రెషన్‌లో కాలేజీని డమ్మీ వేరియబుల్స్‌గా (ఆ కాలేజీ అవునా, కాదా అన్న గుర్తులుగా) పెట్టండి. స్టాటిస్టిక్స్ తెలిసిన వాళ్లతో ఒకసారి కూర్చోండి, వాళ్ల శ్రమ ఎక్కువైతే సహ రచయితగా చేర్చండి.

‘నిద్రలేమి వల్ల డిప్రెషన్ వస్తోంది’, ‘ప్రభావం’, ‘దారితీస్తుంది’ వంటి మాటలు పేపర్ మొత్తంలో వెతికి తీసేయండి. ఒకేసారి తీసిన డేటా అది. డిప్రెషన్ వల్లే నిద్ర తగ్గి ఉండొచ్చు. నిద్ర, పరీక్షల ఆందోళన ద్వారా డిప్రెషన్ మీద పనిచేస్తుందని చూపే మీడియేషన్ మోడల్ పెట్టాలని ఉందన్నారు, ఈ డేటాతో వద్దని నా గట్టి సలహా. అలాగే ముందు ఊహించని ఫలితాన్ని ముందే ఊహించినట్టు ఇంట్రడక్షన్‌లో రాయకండి. 2015లో ‘సైన్స్’ పత్రికలో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు వచ్చాయి. మూల పేపర్లలో 97 శాతం సార్థకమైతే, మళ్లీ చేసినప్పుడు 36 శాతమే అయ్యాయి. అప్పటి నుంచి ఈ రంగంలో ఎడిటర్ల చూపే మారింది. డేటా తీయకముందే ప్రణాళికగా రిజిస్టర్ చేయని విశ్లేషణను ‘అన్వేషణాత్మకం’ అని చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. పేర్లు తీసేసిన డేటాను, ఎథిక్స్ అనుమతి ఒప్పుకుంటే, ఓఎస్‌ఎఫ్ అనే పరిశోధన డేటా సైట్‌లో పెట్టండి. మైనర్ల డేటా కాబట్టి కాలేజీ పేర్లూ ఉండకూడదు.

పంపే ముందు స్టాట్‌చెక్ అనే ఉచిత సాధనంలో ఫైల్ వేసి చూడండి. టెస్ట్ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పి విలువ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చెప్తుంది. దాన్ని తయారుచేసిన పరిశోధకులు పెద్ద సంఖ్యలో సైకాలజీ పేపర్లు పరీక్షిస్తే సుమారు సగం పేపర్లలో కనీసం ఒక పొసగని అంకె దొరికింది. అవి టైపింగ్, కాపీ పొరపాట్లే కావచ్చు. కానీ రివ్యూయర్‌కి అది కనిపిస్తే మిగతా అంకెల మీదా నమ్మకం పోతుంది.

ఇంట్రడక్షన్ మూడు నాలుగు పేజీలు చాలు. ‘కౌమారం అనగా’ అని నిర్వచనాలతో మొదలుపెట్టకండి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ అంటే ఏమిటో, పిల్లలు ఎన్నింటికి లేస్తారో, స్టడీ అవర్స్ ఎప్పటిదాకా ఉంటాయో తెలియని పాఠకుడికి ఒక పేరాలో చెప్పండి. విజయవాడలో, హైదరాబాద్‌లో మనకు రోజూ కనిపించేది నెదర్లాండ్స్ రివ్యూయర్‌కి ఊహకు కూడా రాదు. మీ పేపర్‌ని వేరే దేశం వాళ్లు ఎందుకు చదవాలో ఆ పేరాయే చెప్తుంది. డిస్కషన్‌లో పరిమితులు నిజాయితీగా రాయండి. ‘మరింత పెద్ద శాంపిల్ కావాలి’ అన్నది పరిమితి కాదు, ‘నిద్రను పిల్లలు చెప్పిన గంటలతోనే కొలిచాం’ అన్నది పరిమితి. అబ్‌స్ట్రాక్ట్ ఆఖర్న రాయండి. ఏపీఏ పద్ధతిలో 250 పదాలు దాటకూడదు, కొన్ని జర్నళ్లు ఇంకా తక్కువ అడుగుతాయి.

ఇంగ్లిష్ గురించి బెంగ పెట్టుకోకండి. చిన్న వాక్యాలు రాయండి, ఒక వాక్యంలో ఒక సంగతి. విషయం స్పష్టంగా ఉంటే వ్యాకరణం తప్పుల కోసం పేపర్ని తిప్పి పంపడం అరుదు. భాష సరిచేయడానికి ఏఐ సాధనం వాడితే, ఆ జర్నల్ నియమం చదివి, అడిగిన చోట ఆ మాట చెప్పండి. దాన్ని రచయితగా పెట్టడానికి వీల్లేదు. రిఫరెన్సులు మాత్రం దానితో రాయించకండి, లేని పేపర్లను పుట్టిస్తుంది. ప్రతి రిఫరెన్సునీ మీరు తెరిచి చూసి ఉండాలి. మీ థీసిస్ భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో పెడితే, ఇతర రాతలతో పోలికను చూపే సిమిలారిటీ రిపోర్టులో మీ వాక్యాలే మీకు అడ్డు తగులుతాయి. కొత్తగా రాస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. థీసిస్ నుంచి వచ్చిన పని అని కవర్ లెటర్‌లో ఒక వాక్యం రాస్తే మిగిలిందీ పోతుంది.

రచయితల క్రమం ఇప్పుడే మాట్లాడుకోండి. డాక్టోరల్ పని మీద ప్రధానంగా ఆధారపడ్డ పేపర్‌లో, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప, విద్యార్థే మొదటి రచయిత అని ఏపీఏ నైతిక నియమావళి చెప్తుంది. గైడ్ గారితో చెప్పడానికి మొహమాటంగా ఉంటే ఆ నియమం ప్రింట్ తీసి చూపించండి. డిపార్ట్‌మెంట్ హెడ్ పేరు, డేటా కోసం లోపలికి రానిచ్చిన కాలేజీ వాళ్ల పేరు పెట్టక్కర్లేదు. వాళ్లకు కృతజ్ఞతల్లో చోటుంది.

మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ముందుంటుంది కదా. ఒక పేపర్‌లో పొడి అక్షరంతో, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరుతో, మూడోదాంట్లో తలకిందులుగా వస్తే డేటాబేసులు మిమ్మల్ని ముగ్గురిగా లెక్కేస్తాయి. ఇంటిపేరు గడిలో ఏది, సొంత పేరు గడిలో ఏది అని ఒకసారి నిర్ణయించుకుని జీవితాంతం అలాగే రాయండి. ఒక్కో పరిశోధకుడిని విడిగా గుర్తించే నంబరు ఆర్కిడ్ ఐడీ ఉచితం, ఈరోజే తీసుకోండి.

పేర్లు దాచి రివ్యూ చేసే జర్నలైతే టైటిల్ పేజీ వేరే ఫైల్. మెయిన్ ఫైల్‌లో మీ యూనివర్సిటీ పేరు, ఎథిక్స్ కమిటీ పేరు, కృతజ్ఞతలు తీసేయండి. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా మీ పేరు ఉంటుంది, అదీ తీసేయండి. కవర్ లెటర్ ఒక పేజీ దాటకూడదు: ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు. పొగడ్తలు వద్దు. సబ్మిట్ నొక్కే ముందు సిస్టమ్ తయారుచేసే పీడీఎఫ్ మొదటి నుంచి చివరిదాకా చదవండి, టేబుళ్లు విరిగిపోయేది అక్కడే.

కొన్ని రోజుల్లోనే ‘మా పరిధిలోకి రాదు’ అని వస్తే అది డెస్క్ రిజెక్ట్. బాధపడకుండా రెండో జర్నల్ నియమాలకు మార్చి పంపండి. రివ్యూకి వెళ్తే నెలలు పడుతుంది. నాలుగు నెలలు దాటితే మర్యాదగా ఒక మెయిల్ రాయొచ్చు. ‘మేజర్ రివిజన్’ అని వస్తే నిరుత్సాహపడకండి. ఎడిటర్‌కి ఆసక్తి లేకపోతే అంత శ్రమపెట్టి రాయరు. ప్రతి కామెంట్‌నీ కాపీ చేసి, కింద మీ జవాబు, దాని కింద మార్చిన వాక్యం, పేజీ నంబరుతో సహా పెట్టండి. ‘పరీక్షల ఆందోళనను మీడియేటర్‌గా ఎందుకు చూడలేదు’ అని అడిగారనుకోండి. ‘సూచనకు ధన్యవాదాలు, భవిష్యత్తులో చేస్తాం’ అంటే తప్పించుకున్నట్టే. ‘డేటా ఒకేసారి సేకరించినది కాబట్టి మీడియేషన్‌కి కావాల్సిన కాలక్రమం మా దగ్గర లేదు. అందుకే కోవేరియేట్‌గానే ఉంచాం, ఆ కారణాన్ని 14వ పేజీ రెండో పేరాలో చేర్చాం’ అంటే జవాబు. రివ్యూయర్‌తో ఏకీభవించకపోవచ్చు, కానీ ఏ కామెంట్‌నీ వదిలేయకూడదు. కామెంట్లు వచ్చిన రోజు జవాబు రాయకండి. రెండు రోజులాగి గైడ్‌తో కలిసి చదవండి.

అంగీకరించాక ప్రూఫ్ (అచ్చుకు సిద్ధం చేసిన కాపీ) వస్తుంది, గడువు రెండు మూడు రోజులే ఇస్తారు. అప్పుడు వాక్యాలు మెరుగుపెట్టడం కుదరదు. రచయితల పేర్లు, యూనివర్సిటీ పేరు, టేబుళ్లలో మైనస్ గుర్తులు, అనుమతి నంబరు, ఇవి మాత్రం మూల ఫైల్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. కాపీరైట్ ఫారంలో ఓపెన్ యాక్సెస్ గడి పొరపాటున నొక్కకండి, బిల్లు వస్తుంది. జర్నల్ విధానం అనుమతిస్తే అంగీకరించిన మీ వర్డ్ కాపీని సైఆర్కైవ్ అనే ఉచిత సైకాలజీ పేపర్ల సైట్‌లో పెట్టండి, చందా లేని కాలేజీల్లోని లెక్చరర్లకీ కౌన్సెలర్లకీ చదువుకునే వీలుంటుంది.